ఘాజీ యుద్ధం సినిమా కాదంటున్నాడు మా మేనల్లుడు, మీరేమంటారు?

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం ఇంట్లో మాటా మాటా వచ్చింది. యుద్ధం సినిమాల్లో నాకు ఘాజీని, అదే ఆ సబ్‌మెరైన్ సినిమాని, మించింది లేదన్నా. మా మేనల్లుడు ఒకటే నవ్వు. "అందులో యుద్ధం ఎక్కడుంది మావయ్యా? రెండు గంటలసేపు రేకుడబ్బాలో కూర్చుని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు" అన్నాడు. వాడికి యుద్ధమంటే ట్యాంకులు పేలాలి, బురదలో పాకాలి. అప్పటికప్పుడు నాకు సమాధానం తట్టలేదు. నాకు రాత్రిపూటే తడతాయి ఇలాంటివి.

నేను ముప్పై ఏళ్ల నుంచి లారీల డీజిల్ ఇంజన్లు చూస్తున్నా. నాకు పని నేర్పిన మేస్త్రి మొదటి ఆరునెలలు రెంచి ముట్టుకోనివ్వలేదు. పొడుగు స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, మొన ఇంజన్ బ్లాకుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినమనేవాడు. బేరింగు అరుస్తోందా, టాపెట్ కొడుతోందా, ఏ సిలిండరు మిస్సవుతోంది, విప్పకుండా చెప్పాలి. తప్పు చెబితే మొట్టికాయ. ఒప్పు చెబితే ఏమీ లేదు, ఇంకో బండి దగ్గరికి పంపేవాడు.

2017 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో ఘాజీ చూశా. ఆ రోజు హాల్లో ఏసీ చెడిపోయింది. జనం విసుక్కున్నారు గానీ నాకు అదే కలిసొచ్చింది. తెర మీద వాళ్లకీ చెమటలే, మాకూ చెమటలే. సోనార్ (నీళ్లలో చప్పుళ్లు పట్టే యంత్రం) దగ్గర కుర్రాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటుంటే రానా, కే కే మీనన్, అతుల్ కులకర్ణి లాంటి ఆఫీసర్లంతా వాడేం చెబుతాడా అని చూస్తుంటారు. సబ్‌మెరైన్‌కి కిటికీలుండవు. నీళ్ల కింద శత్రువు కనపడడు, వినపడాలంతే. అక్కడ నాకు మా మేస్త్రి గుర్తొచ్చాడు. చెవి మీద నడిచే యుద్ధం ఇంకే సినిమాలోనూ నేను చూడలా.

అంతటితో ఆగానా, మరుసటి ఏడాది రత్నాచల్ ఎక్కి వైజాగ్ పోయి ఆర్కే బీచ్‌లో ఒడ్డున పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూసొచ్చా. 91 మీటర్ల పొడుగు, లోపల మాత్రం మన షెడ్డులో గ్రీజు గది నయం. గుండ్రటి తలుపుల్లోంచి కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. ఇంజన్ రూములో మూడు డీజిళ్లు. వాటి మధ్య దారిలో నా బొజ్జ రెండువైపులా రాసుకుంది. నీళ్ల కింద ఆ డీజిళ్లు వేయటానికి లేదు, వాటికి గాలి కావాలి. లోపలున్నంతసేపూ బ్యాటరీ మీదే. ఛార్జింగ్ దిగితే పైదాకా వచ్చి ఇంజన్లు వేసుకోవాలి, వేస్తే చప్పుడు, చప్పుడైతే పైన కాచుకున్నవాడికి దొరికిపోతారు. కరెంటు పోయిన ఇంట్లో ఇన్వర్టర్ మీద బతకడం లాంటిదన్నమాట, బయట దొంగ ఉండగా. అలవాటు కొద్దీ ఒక ఇంజన్ కవరు మీద వేలి గణుపుతో కొట్టి విన్నా. గైడు, నేవీలో చేసిన పెద్దాయన, "పనివాడివేనా?" అన్నారు.

మేనల్లుడికి ఏం చెప్పమంటారు? అలాగే మీకు నచ్చిన యుద్ధం సినిమా ఏదో, ఎందుకో కూడా రాయండి.

తెనాలి నావికుడు

బాబాయ్ గారూ, నేను నేవీలో పదిహేనేళ్లు చేశా. సబ్‌మెరైన్లలో కాదు, పైన తిరిగే ఓడల్లో. సోనార్ గురించి మీరన్నది కరెక్టు. చెయ్యి తిరిగినవాడు ప్రొపెల్లర్ చప్పుడును బట్టి అది సరుకుల ఓడో, యుద్ధనౌకో చెప్పేస్తాడు. నాకు ఆ సినిమాలో పడనిదల్లా అరుపులు. శత్రువు చెవులు రిక్కించుకుని ఉన్నప్పుడు లోపల స్పానరు జారి పడినా తిట్లు తప్పవు. వీళ్లేమో జనగణమన అందుకున్నారు! మళ్లీ ఆ సీనుకి లేచి నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నా. సినిమా మధ్యలో వస్తే నిలబడక్కర్లేదని సుప్రీంకోర్టు ఆ వారమే చెప్పింది. కోర్టు మాట కాళ్లు వినలా.

బ్రాడీపేట నాలుగో లైను

సినిమా బాగుంది, చరిత్ర అనుకుంటే మాత్రం చిక్కే. ఘాజీ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ 1971 నవంబరు 14న కరాచీలో బయల్దేరింది, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడం కోసం. మనవాళ్లు విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచేసి, అది ఇంకా వైజాగ్ దగ్గరే ఉందన్నట్టు ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే ఇంకో యుద్ధనౌక చేత దొంగ సంకేతాలు పంపించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక వైజాగ్ బయట ఘాజీ మునిగింది. ఒక్కరూ బతకలేదు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల (నీళ్ల లోపల పేలే బాంబుల) వల్ల అని మనవాళ్లు, లోపలే పేలిందని పాకిస్తాన్ వాళ్లు. రెండు సబ్‌మెరైన్ల ముఖాముఖి పోరు మాత్రం సినిమా వాళ్ల కల్పన.

నా ఓటు కంచెకి (2015). మా గుంటూరు క్రిష్ తీశారని కాదులెండి, కాస్త అదీ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడే ధూపాటి హరిబాబుకి అసలు శత్రువు జర్మనీవాడు కాదు, వాళ్ల ఊళ్లోని కులం. ఊళ్లో కంచె చూసొచ్చి మళ్లీ యుద్ధానికి వస్తే తుపాకీ చిన్నదిగా కనిపిస్తుంది.

కృష్ణలంక కుమారి

అదంతా సరే గానీ ఘాజీలో తాప్సీ ఎందుకుందో ఎవరైనా చెప్పండి. పాపను ఎత్తుకుని కూర్చోబెట్టారు సినిమా అంతా. బాబాయ్, మీరు చెప్పిన చెవి సంగతి మాత్రం బాగుంది. మళ్లీ చూస్తా, ఈసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని.

ఆటోనగర్ బాబాయ్

తాప్సీ సంగతి నాక్కూడా తెలీదమ్మా. నాలుగో లైను బాబూ, అది కల్పనేనని నాకు వైజాగ్‌లో గైడు చెప్పినప్పుడే తెలిసింది. ఆ సోనార్ కుర్రాడి మీద ఇష్టం పోలా.

ఒక మాట దాచా. ఇన్నేళ్ల చప్పుళ్లకి నా ఎడమ చెవి దాదాపు పోయింది, కుడిది కూడా అంతంత మాత్రం. నిన్న సాయంత్రం మేనల్లుణ్ణి షెడ్డుకి పిలిచి, పాత స్క్రూడ్రైవర్ ఇచ్చి ఒక టిప్పర్ ఇంజన్ మీద పెట్టించా. చాలాసేపు ఊరుకుని, మూడో సిలిండర్ దగ్గర ఏదో టకటకమంటోంది మావయ్యా అన్నాడు. నేను పెట్టి చూశా, నాకేం వినపడలా. ఇవాళ విప్పుతాం. పదింటికి ఓనరు వస్తానన్నాడు.