హార్మోన్ టీకా వేసిన గొర్రెల్లో కవలలు పెరిగాయి, చూలు తగ్గింది: కారణం ఏమిటి?

ప్రశ్న (గొర్రెల పెంపకందారు)

ఆండ్రోస్టెనిడయోన్ హార్మోన్‌కు వ్యతిరేకంగా పనిచేసే టీకా వేస్తే కవలల ఈతలు పెరుగుతాయని తెలిసి, మందలో సగం గొర్రెలకు రెండు మోతాదులూ వేయించాము. బూస్టర్ పడిన వారంలోపే పొట్టేళ్లను వదిలాము. స్కానింగ్‌లో టీకా వేసినవాటిలో కవలలను మోస్తున్నవి ఎక్కువగానే కనిపించాయి, కాని చూలు నిలవనివి కూడా వేయనివాటికంటే ఎక్కువగా ఉన్నాయి. మేత, పొట్టేళ్లు రెండు గుంపులకూ ఒకటే. లోపం టీకాలో ఉందా, పొట్టేళ్లను కలిపిన సమయంలో ఉందా?

మొదటి జవాబు (పశు ప్రత్యుత్పత్తి శాస్త్ర అధ్యాపకులు)

సమయాన్నే నేను ముందుగా అనుమానిస్తాను. స్టెరాయిడ్ హార్మోన్ల అణువులు చాలా చిన్నవి కాబట్టి వాటంతట అవి రోగనిరోధక వ్యవస్థను కదిలించలేవు; అందుకే ఆండ్రోస్టెనిడయోన్‌ను అల్బుమిన్ ప్రోటీన్‌కు జతచేసి టీకాగా మలిచారు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ.ఎస్.ఐ.ఆర్.ఓ. పరిశోధనల ఆధారంగా 1980ల్లో మార్కెట్లోకి వచ్చిన ఫెకండిన్ ఈ కోవకు చెందినదే. పుట్టిన యాంటీబాడీలు రక్తంలోని హార్మోన్‌ను పట్టి ఉంచడం వల్ల అండాశయానికీ, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికీ మధ్య ఉండే నియంత్రణ సడలి, ఒకే ఎదలో ఎక్కువ పుటికలు (అండాలు పెరిగే సంచులు) పక్వమవుతాయి.

అయితే బూస్టర్ పడిన కొద్ది రోజులకే యాంటీబాడీల స్థాయి శిఖరానికి చేరుతుంది. ఆ దశలో పొట్టేళ్లను కలిపితే కొన్ని గొర్రెల్లో ఎద సరిగా రాదు, కొన్నింటిలో అండాలు ఫలదీకరణం చెందవు, ఫలదీకరణం చెందిన పిండాలు కూడా కొన్ని తొలి రోజుల్లోనే నశిస్తాయి. అందువల్లనే బూస్టర్‌కూ పొట్టేళ్లను వదలడానికీ మధ్య కొన్ని వారాల విరామం పాటించమంటారు. ఆ గడువు తయారీదారు సూచించినదే కావాలి, మనకు వీలైనది కాదు.

లెక్క ఎలా తారుమారవుతుందో ఊహకు చెబుతాను. వంద గొర్రెలు 150 అండాలు విడుదల చేసి, వాటిలో 80 శాతం నిలిస్తే 120 పిల్లలు. టీకాతో అండాలు 200కు పెరిగి, నిలిచేవి 60 శాతానికి పడిపోతే వచ్చేవి మళ్లీ ఆ 120 పిల్లలే. పైగా టీకా ఖర్చు అదనం.

రెండవ జవాబు (పశువైద్యులు)

పై వివరణతో ఏకీభవిస్తూ ఒక్క మాట చేరుస్తున్నాను. అండాశయం తయారుచేసే ఇన్‌హిబిన్ అనే హార్మోన్‌కు వ్యతిరేకంగా టీకా వేసినా అండాల సంఖ్య పెరుగుతుంది, కాని దారి వేరు: పుటికలను పెంచే పిట్యూటరీ హార్మోన్ ఎఫ్.ఎస్.హెచ్.ను అణచి ఉంచేది ఇన్‌హిబినే కాబట్టి, దాన్ని అడ్డుకుంటే ఎఫ్.ఎస్.హెచ్. పెరుగుతుంది. హార్మోన్‌ను ఎంత ఎక్కువగా అడ్డుకుంటే అంత మేలన్న ఊహ మాత్రం సరికాదు. అండాశయంలోనే తయారయ్యే బి.ఎం.పి.15 అనే ప్రోటీన్ ఇందుకు చక్కని ఉదాహరణ. ఇన్వర్‌డేల్ వంశపు గొర్రెల్లో దాన్ని తయారుచేసే జన్యువు ఒక ప్రతిలో లోపం ఉంటే అండాలు ఎక్కువగా విడుదలవుతాయి, రెండు ప్రతుల్లోనూ ఉంటే ఆ గొర్రె గొడ్డుదవుతుంది.

ప్రశ్న అడిగినవారు

వివరణలకు కృతజ్ఞతలు. ఫలదీకరణమే జరగలేదా, పిండం తర్వాత పోయిందా అన్నది మంద దగ్గరే తెలుసుకోవడానికి మార్గముందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

పూర్తిగా తెలియదు గాని, మళ్లీ ఎదకు వచ్చే తేదీలు చాలావరకు చెబుతాయి. గొర్రె ఎద చక్రం సుమారు 17 రోజులు. పిండం తన ఉనికిని ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్ ద్వారా తల్లికి తెలియజేసేది 12, 13 రోజుల ప్రాంతంలో కనుక, అంతకుముందే పోతే గొర్రె మామూలు గడువుకే తిరిగి ఎదకు వస్తుంది. ఫలదీకరణం జరగనప్పుడూ అంతే కాబట్టి ఆ రెండింటినీ తేదీలతో వేరు చేయలేము. గడువు దాటి చాలా ఆలస్యంగా వస్తే మాత్రం పిండం ఆ తర్వాత పోయిందని అనుమానించవచ్చు. పొట్టేళ్ల రొమ్ముకు రంగు పూసి, ఆ రంగును 14 రోజులకొకసారి మారుస్తూ పోతే ఏ గొర్రె ఎప్పుడు తిరిగి వచ్చిందో నమోదు చేయడం తేలిక.

రెండు పిండాల్లో ఒకటి పోయి ఒకటి నిలిచిన గొర్రె తిరిగి ఎదకు రాదు, అందువల్ల ఆ నష్టం తేదీల్లో కనిపించదు. లాపరోస్కోపీలో (పొట్టకు చిన్న గాటు పెట్టి గొట్టపు కెమెరాతో చూసే పరీక్షలో) అండాశయం మీది కార్పస్ లూటియంలను, అంటే అండం విడుదలైన చోట ఏర్పడే గడ్డలను, లెక్కించి, తర్వాత స్కానింగ్‌లో కనిపించిన పిండాల సంఖ్యతో పోల్చినప్పుడే అది బయటపడుతుంది. మందంతటికీ అది సాధ్యం కాదు. రెండు గుంపుల నుంచీ కొన్నింటిని ఎంచుకుని చేయించండి.