అప్‌డేట్: ల్యాప్‌టాప్ పై మూత మార్చేశాను

హింజ్ (మూత తెరిచి మూసే కీలు) దగ్గర పగిలిన ల్యాప్‌టాప్ పై మూతను, ఎప్పుడూ ఇలాంటి రిపేరు చేయని నేను సొంతంగా మార్చుకోగలనా అని అడిగాను కదా. మార్చేశాను, ల్యాప్‌టాప్ బానే ఉంది.

కొత్త మూత మా విశాఖ ద్వారకానగర్‌లో దొరికింది. మోడల్ పేరొక్కటే చెబితే చాలదు. టచ్ ఉన్నదానికీ లేనిదానికీ మూత వేరుగా ఉండొచ్చు. కింద స్టిక్కర్ మీదున్న పూర్తి నంబరు ఫొటో తీసి చూపించాను.

మీరు చెప్పినట్టే ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేశాను. బెజెల్ (స్క్రీన్ చుట్టూ ఉండే ఫ్రేమ్) ఊడదీయడానికి పాత ఏటీఎం కార్డు సరిపోయింది. టెన్షన్ పెట్టింది మాత్రం వైఫై యాంటెన్నా తీగలే. అవి మూత లోపల అతికించి ఉంటాయి, హింజ్ పక్కనుంచి కిందికి దిగుతాయి. కొత్త మూతతో రాలేదు కాబట్టి పాతవే మెల్లగా ఊడదీసి అదే దారిలో పరిచాను. హింజ్ కింద నలిగాయా, సిగ్నల్ గోవిందా!

అసలు దొంగ హింజే, బాగా బిగుసుకుపోయింది. మా ఉప్పుగాలి పనేమోనని నా అనుమానం. దాన్ని అలాగే బిగిస్తే కొత్త మూత కూడా అక్కడే పగిలేది, అందుకని నట్టు కాస్త వదులు చేశాను.

ఒక మూల బెజెల్ ఇంకా సరిగ్గా కూర్చోవడం లేదు. ఉపాయం ఏమైనా ఉంటే చెప్పండి.