పెళ్లి పోర్ట్రెయిట్లకు సహజ కాంతి ఒక్కటే చాలునా?

ఉత్తరపు కిటికీ (చర్చ ప్రారంభం)

ఫ్లాష్ వాడబోమనీ, సహజ కాంతిలోనే తీస్తామనీ చెప్పుకొనే పెళ్లి ఫొటోగ్రాఫర్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నగరాల్లో తరచుగా కనిపిస్తున్నారు. కిటికీ ఒక్కటీ లేని ఏసీ కల్యాణ మండపాల్లో ఆ మాట ఎలా పొసుగుతుందని అడిగేవారూ ఉన్నారు. పెళ్లి తంతును పక్కన పెట్టి, వధూవరులను కూర్చోబెట్టి గానీ నిలబెట్టి గానీ ప్రత్యేకంగా తీసే పోర్ట్రెయిట్ల గురించి మాత్రమే ఇక్కడ మాట్లాడుకుందామని నా విన్నపం.

వీలున్న ప్రతి పెళ్లిలోనూ ఈ చిత్రాలను పగటి వెలుగులోనే తీయాలన్నది నా అభిప్రాయం. మన పెళ్లికూతురి అలంకారమే అందుకు మొదటి కారణం. మెరుగుపెట్టిన బంగారం అద్దంలా పనిచేస్తుంది; తన ఎదుట ఏముంటే దానినే చూపిస్తుంది. కెమెరాపై బిగించిన చిన్న ఫ్లాష్‌ను నేరుగా వెలిగిస్తే కాసులపేరులోని ప్రతి కాసు మీదా సూదిమొనంత తెల్లటి చుక్క పడి, మిగిలిన భాగం నల్లబడుతుంది. అదే నగను పెద్ద కిటికీ పక్కన చూస్తే, కిటికీ మొత్తం కాసు ఉపరితలం మీద పరుచుకొని, వెలుగు నుంచి నీడలోకి మెల్లగా జారుతుంది. దానిమీద చెక్కిన లక్ష్మీదేవి రూపు కూడా కనిపిస్తుంది. కంచిపట్టు చీర జరీకి, వడ్డాణానికి, ముక్కుపుడకకు ఇదే వర్తిస్తుంది.

రెండో కారణం చామనఛాయ ముఖాలు. ఎదురుగా పడే బలమైన వెలుగు ముఖంలోని ఎత్తుపల్లాలను చెరిపివేసి, చర్మం మీద జిడ్డు మెరుపును మిగులుస్తుంది. పక్క నుంచి వచ్చే కిటికీ వెలుగులో చర్మం తన సహజమైన రంగుతో, ఆరోగ్యంగా కనిపిస్తుంది. మధుపర్కాలు కట్టుకున్నాక తీస్తే ఆ తెల్లటి నూలు వస్త్రమే కిందినుంచి వెలుగును తిప్పి గడ్డం కింది నీడను తగ్గిస్తుంది.

ఇందుకు కావలసింది ఒక అరగంట సమయం, ఒక చోటు. బయానా తీసుకొనే రోజునే ఆ రెండూ అడగకుండా ‘సహజ కాంతి’ అని ప్రకటించుకోవడం మాత్రం సరికాదు.

గుంటూరు ఫ్లాష్

ఉత్తరపు కిటికీ గారూ, నగల గురించి మీరు చెప్పినది నిజమే. అయితే ఆ దోషం నేరుగా పడే చిన్న ఫ్లాష్‌ది. ఫ్లాష్ అన్నదానికంతటికీ దానిని అంటగట్టడం న్యాయం కాదు. మూడు నాలుగు అడుగుల, ముందు తెల్లటి పలుచని గుడ్డ ఉండే పెట్టెలాంటి సాఫ్ట్‌బాక్స్‌లో ఫ్లాష్ పెట్టి, వధువుకు ఒక పక్కగా దగ్గరకు తెస్తే అదీ కిటికీలాగే ప్రవర్తిస్తుంది. వెలుగు మూలం పరిమాణం, అది ముఖానికి ఎంత దగ్గరగా ఉంది అన్నవే నీడల మెత్తదనాన్ని నిర్ణయిస్తాయి. అది సూర్యుని నుంచి వచ్చిందా బ్యాటరీ నుంచి వచ్చిందా అన్నది బంగారానికి తెలియదు.

ఇక సమయం మాట. మన సుముహూర్తాలు చాలాభాగం రాత్రివేళ, తెల్లవారుజామున ఉంటాయి. జీలకర్రా బెల్లం పెట్టుకొనే క్షణం దాకా వధూవరులు ఒకరినొకరు చూసుకోకూడదని అడ్డుతెర పట్టే ఇళ్లలో, ముహూర్తానికి ముందు సాయంకాలపు వెలుగులో ఇద్దరినీ జంటగా నిలబెట్టండని ఏ ఫొటోగ్రాఫర్ అడగగలడు? మరునాటి ఉదయం తీద్దామంటే, రాత్రంతా హోమం పొగలో కూర్చున్న ఆ ఇద్దరి కళ్లు ఎర్రబడి ఉంటాయి.

పగటి ముహూర్తాలకైనా చిక్కు తప్పదు. మే రెండో వారంలో హైదరాబాద్ మీద మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. సరిగ్గా వైశాఖ మాసపు పెళ్లిళ్ల కాలమది. పదిన్నర ముహూర్తం ముగిసి, తలంబ్రాలు పోసుకొని, బంధువుల అక్షింతలు అందుకొని వధూవరులు బయటకు వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. ఆ వెలుగులో కనుబొమల కింద కళ్లు రెండూ చీకటి గుంటలవుతాయి. సాయంకాలం మేలనుకుంటే, మన ప్రాంతంలో సూర్యుడు నిటారుగా దిగిపోతాడు కనుక చివరి 6 డిగ్రీల ఎత్తు నుంచి అస్తమించడానికి సుమారు అరగంటే పడుతుంది. యూరప్ ఫొటోగ్రాఫర్ల వీడియోల్లో చూసే సుదీర్ఘమైన సంధ్య మనకు దక్కదు.

షామియానాల సంగతీ చెప్పాలి. ఎర్రటి, పసుప్పచ్చటి గుడ్డ గుండా వడకట్టి వచ్చిన ఎండ కూడా సహజ కాంతే, కానీ దాని కింద పెళ్లికొడుకు ముఖం ఎర్రగా, పంచె గులాబీ రంగులో వస్తాయి. పచ్చిక మీద నిలబెడితే గడ్డం కింద ఆకుపచ్చ ఛాయ పడుతుంది.

ఆల్బమ్ డిజైనర్

ఇరువైపుల వారు తీసిన చిత్రాలూ చివరికి నా కంప్యూటర్‌కే చేరతాయి కాబట్టి నా వంతు మాట చెబుతాను. పూర్తిగా పగటి వెలుగులో తీసిన చిత్రాన్నీ, పూర్తిగా ఫ్లాష్‌తో తీసిన చిత్రాన్నీ నేను సులభంగా సరిచేయగలను. నన్ను ఓడించేది కలగాపులగపు వెలుగు. మధ్యాహ్నపు పగటి వెలుగు రంగు ఉష్ణోగ్రత సుమారు 5500 కెల్విన్లు, గదిలోని పసుప్పచ్చటి బల్బుది 3000 లోపు. ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంగా, తగ్గేకొద్దీ నారింజ రంగుగా ఉంటుంది. కిటికీ పక్కన వధువును కూర్చోబెట్టి, గదిలో బల్బులు ఆర్పకుండా తీస్తే ఒక చెంప నీలంగా, మరొక చెంప నారింజ రంగుగా వస్తుంది. ఒకదానిని సరిచేస్తే రెండవది పాడవుతుంది. సహజ కాంతి ఫొటోగ్రాఫర్లకు నా మొదటి మనవి, గదిలోని స్విచ్‌లన్నీ ఆపించండి. వీడియో బృందం తమ ఎల్‌ఈడీ ప్యానెల్‌ను వధువు ముఖం మీదికి తిప్పినప్పుడు కూడా, అయిదు నిమిషాలు ఆపమని వారిని మర్యాదగా అడగండి.

వేదిక మీది నీలం, గులాబీ ఎల్‌ఈడీ దీపాలు అంతకంటే కష్టం. వాటి వెలుగులో కొన్ని రంగులు దాదాపు లేనే లేవు. లేని రంగును సాఫ్ట్‌వేర్ తిరిగి తీసుకురాలేదు. అటువంటి చోట ఫ్లాష్ వాడకుండా ‘ఉన్న వెలుగులోనే తీశాం’ అని పంపితే, పసుపు పారాణి పెట్టిన పాదాలు బూడిద రంగులో కనిపిస్తాయి. నాణ్యత లేని ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి కనుక షట్టర్ వేగం ఎక్కువగా పెడితే చిత్రం మీద అడ్డ చారలు కూడా పడతాయి. వాటిని తొలగించడానికి నాకు పట్టే సమయానికి ఎవరూ డబ్బు ఇవ్వరు.

ఇద్దరు ఆడపిల్లల తల్లి

నాకు కెమెరాల గురించి తెలియదు, కానీ రెండు పెళ్లిళ్లు చేశాను. పెద్దమ్మాయి పెళ్లి ఆల్బమ్‌లో దాని రంగు దానిది కాదు. అడగకపోయినా మొత్తం తెల్లగా చేసి ఇచ్చారు. మా అత్తగారు చూసి ‘ఈ పిల్ల ఎవరు’ అన్నారు. చిన్నమ్మాయిని గౌరీపూజ దగ్గర, తూర్పు వైపు కిటికీ పక్కన, పీట మీద కూర్చున్నప్పుడు తీసిన చిత్రం మాత్రం మా హాల్లో పెట్టుకున్నాం. బుగ్గన దిష్టిచుక్క, నుదుట బాసికం, పసుపు రాసిన మెడ, అన్నీ మేము చూసినట్టే ఉన్నాయి. ఆ చిత్రం కోసం ఎవరూ పూజ ఆపలేదు, పిల్లను లేచి నిలబడమనలేదు.

మీ అందరికీ చెప్పదలచుకున్నది మరొకటి ఉంది. వెలుగు బాగుందని చెప్పి కొత్త దంపతులను గంటసేపు తోటలో తిప్పినప్పుడు, లోపల వాళ్లతో కలిసి బంతిలో కూర్చోవాలని వియ్యాలవారు విస్తళ్ల ముందు ఎదురుచూస్తూ ఉంటారు. ముహూర్తం దాకా ఉపవాసం ఉన్న పిల్లలు వాళ్లు. మీ అరగంట నిజంగా అరగంటేనా అన్నది మాకు ముందే చెప్పండి.

ఉత్తరపు కిటికీ

అమ్మా, మీరు చెప్పిన గౌరీపూజ ఉదాహరణ నా వాదనకు నేను వెతుక్కుంటున్న ఆధారం. వధువు ఒక్కతే, కదలకుండా, తలవంచి కూర్చొని ఉండే సమయం పెళ్లి మొత్తంలో అదొక్కటే. పీట ఏ గోడవైపు వేస్తారన్నది ముందురోజు పురోహితుడిని, పెద్దవాళ్లను అడిగి తెలుసుకుంటే, వేరే చోటు వెతకవలసిన అవసరం ఉండదు. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి తెల్లటి పలుచని పంచె కడితే చాలు. కిటికీకి రెండడుగుల దూరంలో పీట ఉంటే ముఖంలో వెలుగునీడల తేడా గట్టిగా ఉంటుంది. నాలుగైదు అడుగులు వెనక్కి జరిపితే ఆ తేడా మెత్తబడుతుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. అవతలి పక్కన ఒక థర్మోకోల్ షీటు నిలబెడితే నీడలో ఉన్న చెంప కూడా తేరుకుంటుంది.

గుంటూరు మిత్రులు అడ్డుతెర ఆచారం గురించి లేవనెత్తిన ప్రశ్నకు నా సమాధానం ఇది. పగటి ముహూర్తపు పెళ్లిలో, మంగళసూత్రధారణ, తలంబ్రాలు అయ్యాక, అరుంధతీ నక్షత్రాన్ని చూపించడానికి పురోహితుడే దంపతులను మండపం బయటకు తీసుకువస్తాడు. పట్టపగలైనా ఆ తంతు ఆగదు. కొంగుముడి వేసి, చిటికెన వేళ్లు పట్టుకొని, ఇద్దరూ పెళ్లిబట్టల్లోనే తలుపు దాటుతారు. ఆ పోర్టికో కప్పు కిందనే, అంచుకు ఒక అడుగు లోపల, ముఖాలు బయటికి చూసేలా నిలబెడితే నడినెత్తి ఎండ తల మీద పడదు, ఎదురుగా ఉన్న ఆకాశం మొత్తం పెద్ద కిటికీలా పనిచేస్తుంది. మే నెలలో పన్నెండు గంటలకు కూడా ఇది సాధ్యమే. నేనడిగేది అక్కడ పది నిమిషాలు.

సికింద్రాబాద్ పాఠకుడు

ఈ చర్చలో మన పాత ఫొటోగ్రాఫర్లను కూడా తలచుకోవాలి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు; 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియోను కూడా తెరిచాడు. ఆ కాలపు స్టూడియోల్లో పోర్ట్రెయిట్లకు ప్రధాన ఆధారం పగటి వెలుగే. అయితే ఎండలో నిలబెట్టి తీసేవారు కాదు. గాజు కప్పు, ఉత్తరం వైపు గాజు గోడ, వాటి మీద లాగడానికి మూయడానికి తెరలు పెట్టుకొని, ముఖం మీద ఏ వైపు ఎంత వెలుగు పడాలో నిర్ణయించేవారు. ఫ్లాష్ వద్దనడమే సహజ కాంతి ఫొటోగ్రఫీ అనుకొనేవారు ఈ శ్రమను మరచిపోతున్నారని నాకు బాధ. తెర కట్టనివాడూ, స్విచ్ ఆపనివాడూ, పీట జరపమని అడగనివాడూ సహజ కాంతిని వాడుతున్నట్టు కాదు, దొరికినదానితో సరిపెట్టుకుంటున్నట్టు.

గుంటూరు ఫ్లాష్

అరుంధతి దర్శనం వేళ పోర్టికోలో తీయాలన్న సూచనను నేను ఒప్పుకొంటున్నాను. నేను ఆ సమయంలో బయట ఎండలో నిలబడి ఫ్లాష్‌తో ముఖాల మీది నీడల్లో వెలుగు నింపుతూ వచ్చాను. దానికంటే ఇది మేలైన పద్ధతే.

కానీ ‘పగటి వెలుగులోనే’ అన్న మాటకు నా అభ్యంతరం అలాగే ఉంది. తక్కువ వెలుగులో ఫ్లాష్ లేకుండా తీయాలంటే లెన్స్‌ను ఎఫ్/1.8 దాకా తెరవాలి (ఈ అంకె తగ్గేకొద్దీ లెన్స్ రంధ్రం పెద్దదై ఎక్కువ వెలుగు వస్తుంది, కానీ స్పష్టంగా వచ్చే లోతు తగ్గుతుంది). ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉండే) కెమెరాపై 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో అయిదడుగుల దూరం నుంచి అలా తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 3 సెంటీమీటర్లే. వధువు ముక్కుపుడక స్పష్టంగా ఉంటే చెవి జూకా మసకబారుతుంది; పక్కన ఒక అంగుళం వెనకగా ఉన్న వరుడి కళ్లు కూడా మసకబారతాయి. ఒంటరి చిత్రానికి అది అందమే. అమ్మానాన్నలతో, తాతామామ్మలతో కలిపి తీసే చిత్రంలో తాతగారి ముఖం మసకగా వస్తే ఆ ఇంటివాళ్లు క్షమించరు, క్షమించనక్కరలేదు కూడా. అక్కడ ఎఫ్/5.6 కావాలి, అంత వెలుగు కిటికీ నుంచి రాకపోతే ఫ్లాష్‌ను తెల్లటి గోడవైపు తిప్పి, గోడ నుంచి తిరిగివచ్చే వెలుగు తెచ్చుకోవాలి.

కాబట్టి ఉత్తరపు కిటికీ గారూ, మీరు బయానా రోజున అరగంట, చోటు అడుగుతున్నారు. నేను ఆ కాగితంలో ఇంకొక వాక్యం కూడా రాయమంటాను. వెలుగు చాలనప్పుడు ఫ్లాష్ వాడతామని రాసి, సాయంకాలపు రిసెప్షన్‌కు సాఫ్ట్‌బాక్స్ పెట్టుకోవడానికి వేదిక పక్కన నాలుగడుగుల జాగా వదలమని డెకరేషన్ వాళ్లకు ముందే చెప్పించండి. పూలస్తంభాలు నిలబెట్టేశాక ఆ జాగా దొరకదు.