అప్‌డేట్: పై (π) విలువకు మాధవుడి సవరణ వాడి చూశాను

1 - 1/3 + 1/5 - 1/7... కలిపి 4తో గుణిస్తే, వెయ్యి పదాల తర్వాత కూడా పై 3.14059 దగ్గరే ఉంటోందని, త్వరగా తేల్చే దారి ఏదైనా ఉందా అని అడిగాను కదా. ఇక్కడ ఒకరు చెప్పిన కేరళ గణితవేత్త మాధవుడి (14వ శతాబ్దం) సవరణ పెట్టి చూశాను. అబ్బో! పది పదాలకే ఆపితే 3.04184 వచ్చింది. దానికి 40/401 కలపగానే 3.14159!

పదాల సంఖ్య ఎన్ అయితే ఆ సవరణ 4ఎన్/(4ఎన్²+1). సరి సంఖ్య దగ్గర ఆపితే కలపాలి, బేసి అయితే తీసేయాలి. నా పైథాన్ ప్రోగ్రాంలో ఒక్క లైను పెరిగింది, అంతే.

గణితవేత్త మచిన్ సూత్రం (పై విలువ ఇంకా త్వరగా తేల్చేది) చెప్పినవాళ్లకూ థాంక్స్. నా పనికి అంత అక్కర్లేదు గానీ, 1706లో ఆయన దాంతో వంద దశాంశాలు తీశాడట, అదీ చేత్తో!