ఇన్‌టేక్ ఫారంలో లైంగికత గురించి ఎలా అడగాలి?

కౌన్సెలింగ్_డెస్క్:
అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య ఉన్న క్లినిక్ మాది. వచ్చేవాళ్లు ఎక్కువగా 18 దాటిన హాస్టల్ పిల్లలు. కొత్తగా వచ్చినవాళ్లు నింపే ఇన్‌టేక్ ఫారంలో "స్ట్రెయిట్ / గే / బై" అని ఒకే గడి ఉంది. చాలామంది ఖాళీగా వదిలేస్తున్నారు. ఎలా మార్చాలి?

కేస్‌షీట్:
ఆ గడి గుర్తింపును మాత్రమే అడుగుతోందండి. ఎవరి మీద మనసు పోతుంది, ఎవరితో సంబంధం ఉంది, తనను తాను ఏమనుకుంటారు అన్నవి మూడూ వేరు. పెళ్లయి పిల్లలున్న మనిషికి మగవాళ్ల మీదే ఆకర్షణ ఉండొచ్చు, గే అన్న మాట మాత్రం తనది కాదనుకోవచ్చు. 1948లోనే అమెరికన్ పరిశోధకుడు కిన్సీ, పూర్తిగా ఆడ-మగ ఆకర్షణ అయితే 0, పూర్తిగా స్వలింగ ఆకర్షణ అయితే 6 అని స్కేలు పెట్టారు. తర్వాత క్లైన్ అనే మానసిక వైద్యుడు లైంగికతలోని ఏడు అంశాలను గతం, ప్రస్తుతం, కోరుకునేది అని 21 గళ్లుగా విడదీశారు. అదంతా నింపిస్తే పిల్లలు పారిపోతారు!

ఫారంలో ఆకర్షణ ఒక్కటే అడగండి: ఆడవాళ్లు, మగవాళ్లు, ట్రాన్స్ వ్యక్తులు, ఎవరి మీదా లేదు, ఇంకా తేల్చుకోలేదు, చెప్పదలచుకోలేదు. ఒకటికి మించి టిక్ పెట్టొచ్చని పైన రాయండి. చివరి రెండిటినీ కలపకండి, వాటి వెనకున్న ఇబ్బందులు వేరు. మిగతాది రెండో మూడో సిట్టింగ్‌లో నోటితో.

నిమ్మచెట్టు:
డిప్రెషన్‌ని అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో స్కోరు 10 దాటగానే "కారణం: లైంగికత" అని రాసేస్తుంటారు, అక్కడే కేసు దారి తప్పుతుంది. 2003లో పరిశోధకుడు ఇలాన్ మేయర్ వివరించిన మైనారిటీ ఒత్తిడి చూడండి: ఎదురయ్యే వివక్ష, ఛీకొడతారేమోనన్న భయం, దాచడం, తనమీద తనకే ఏవగింపు. కాబట్టి ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారా, రూమ్మేట్‌కి తెలుసా, బెదిరించేవాళ్లున్నారా అని అడగండి. బై వాళ్లను, అంటే ఆడా మగా ఇద్దరి మీదా ఆకర్షణ ఉన్నవాళ్లను, స్ట్రెయిట్ వాళ్లూ గే వాళ్లూ రెండు వైపులా నమ్మరు, వాళ్లను తేలిగ్గా తీసుకోవద్దు. పీహెచ్‌క్యూలో చావు, తనకు తాను హాని చేసుకోవడం గురించిన ఆలోచనలను అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏం వచ్చినా, మొత్తం స్కోరు తక్కువున్నా, ఆరోజే మాట్లాడాలి. రాత్రివేళకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి.

రికార్డ్_రూమ్:
ముందు రిసెప్షన్ సంగతి చూసుకోండి. రిజిస్ట్రేషన్‌లో నాన్నగారి నంబర్ ఉంటే అపాయింట్‌మెంట్ మెసేజ్, బిల్లు అన్నీ అక్కడికే పోతాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 గోప్యత హక్కు ఇచ్చింది. ఈ ప్రశ్న వేరే కాగితం మీద ఉంచి, గదిలోనే ఇవ్వండి.

కౌన్సెలింగ్_డెస్క్:
మరి తల్లిదండ్రులు "మార్చి పంపండి" అంటే?

కేస్‌షీట్:
మార్చడానికి స్వలింగ ఆకర్షణ జబ్బు కాదు, 1990లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. లైంగికతను మార్చాలని చూసే కన్వర్షన్ థెరపీ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. వాళ్లను కూర్చోబెట్టే ముందు, అమ్మానాన్నలకు ఏం చెప్పొచ్చో ఏం చెప్పకూడదో అబ్బాయినో అమ్మాయినో విడిగా అడిగి రాసిపెట్టుకోండి.