ఫ్లెక్సీల మీద 'యెహోవా' నామం వేయొచ్చా?

మధురవాడ_వాసి:
సువార్త సభ అయిపోయిన మర్నాడు ఆ ఫ్లెక్సీ టిఫిన్ బండికి కప్పవుతుంది, వాన పడితే ఇటుకల మీద పట్టా అవుతుంది. దాని మీద 'యెహోవా' అని రెండడుగుల అక్షరాలు. "నీ దేవుడైన యెహోవా నామమును వ్యర్థముగా ఉచ్చరింపకూడదు" అని మూడో ఆజ్ఞ (నిర్గమ 20:7, లూథరన్ల లెక్కలో రెండోది). నా మాట ఒకటే: నామాన్ని ఫ్లెక్సీ మీద వేయడం మానాలి.

ఎంవీపీ_చదువరి:
బ్రదర్, ఆ వచనం ఫ్లెక్సీ గురించి కాదు. హీబ్రూలో అక్కడున్న క్రియ 'నాసా', అంటే ఎత్తడం, మోయడం. 'వ్యర్థము' అన్నచోట 'షావ్'. ద్వితీయోపదేశకాండం 5:20లో అబద్ధ సాక్ష్యానికీ ఇదే మాట. లేవీ 19:12 కూడా నామం పేరిట అబద్ధ ప్రమాణాన్నే పట్టుకుంటుంది. షాపు బోర్డు మీద 'యెహోవా నా కాపరి' అని రాసి, కిలోకి యాభై గ్రాములు కొట్టేసేవాడి మీద పడుతుంది ఆ ఆజ్ఞ.

మధురవాడ_వాసి:
ఒప్పుకుంటా. కానీ ద్వితీ 12:3-4 చూడండి. అన్యదేవతల పేర్లు ఆ చోట లేకుండా చేయమని చెప్పి, మీ దేవుని విషయంలో అలా చేయకూడదంటుంది. రాసిన నామాన్ని చెరపకూడదన్న నియమాన్ని యూదులు దీని నుంచే తీశారు. పాతబడ్డ గ్రంథాలను గెనీజాలో, అంటే వాటి కోసమే ఉంచిన గదిలో దాచి, ఆ తర్వాత పాతిపెడతారు. మృతసముద్రం దగ్గరి గుహల్లో దొరికిన పాత హీబ్రూ గ్రంథాల చుట్టల్లో కొన్నింటిలో మామూలు లిపి మధ్య ఆ నామం ఒక్కటే పాత హీబ్రూ అక్షరాల్లో ఉంటుంది. రాతకు అంత విలువ.

నాలుగక్షరాలు:
ఇద్దరూ 'యెహోవా' అనే రూపాన్నే ఖాయం చేసుకున్నారు. మూలంలో ఉన్నవి యోద్, హే, వావ్, హే, నాలుగూ హల్లులే. ఆ నామాన్ని పలకకుండా చదివేవాడు 'అదోనాయ్' (ప్రభువు) అనాలని మసోరా లేఖకులు, అంటే హీబ్రూ బైబిల్‌కి అచ్చుగుర్తులు పెట్టిన యూదు పండితులు, ఆ మాట అచ్చుగుర్తులు వీటికి పెట్టారు. రెండూ కలిపి చదివితే వచ్చినది 'యెహోవా'. అసలు ఉచ్చారణ 'యాహ్వే'కి దగ్గరగా ఉండేదని ఎక్కువమంది పండితుల మాట. ఆరాధనలో ఆ ఉచ్చారణ వద్దని 2008లో వాటికన్ లేఖ రాసింది. అలాగని పలకకుండా ఎవరున్నారు? హల్లెలూయలో చివరి 'యా' ఆ నామం ముక్కే.

నామాన్ని పిలిచేవారికి రక్షణ అని చెప్పే యోవేలు 2:32ని కొత్త నిబంధన ఎత్తుకుని, నామం ఉన్నచోట గ్రీకులో 'కురియోస్', అంటే ప్రభువు అంది (రోమా 10:13). మన బైబిల్లో యోవేలులో 'యెహోవా', రోమాలో 'ప్రభువు' ఉండేసరికి రెండూ ఒకే వాక్యమని చాలామందికి తట్టదు. 1805లో విశాఖ వచ్చి బైబిల్‌ని తెలుగు చేయడం మొదలుపెట్టిన మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ ముందు చేతబట్టింది సువార్తలనే, కాబట్టి ఈ చిక్కు వాళ్లకు ఎదురై ఉండదు.

ఎంవీపీ_చదువరి:
నామానికి అవమానం ఎలా వస్తుందో చెప్పే అసలు చోటు యెహెజ్కేలు 36. "వీరు యెహోవా జనులే, ఆయన దేశంలోనుంచి వచ్చినవారే" అని చెరలో ఉన్న ఇశ్రాయేలీయుల్ని చూసి అన్యులు అన్నందుకు నామం దూషణ పాలైంది. 23వ వచనంలో దాన్ని పరిశుద్ధపరచేది దేవుడే. ప్రభువు ప్రార్థనలో "పరిశుద్ధపరచబడు గాక" అన్నది ఆయన్ని అడగడం.

మధురవాడ_వాసి:
సరే. అయినా టిఫిన్ బండి కప్పు సంగతి తేలలేదు.

పాతపోస్టాఫీసు:
తేలుస్తా. ఫ్లెక్సీ మీద తేదీ, చోటు, ప్రసంగీకుల పేర్లు చాలు. వాక్యాన్ని గుడ్డ బ్యానర్ మీద వేయించండి, మడతపెట్టి మళ్లీ సభకి వాడొచ్చు. ఇప్పటికే వేయించినవి ఉంటే నామం ఉన్న పట్టీ కత్తిరించి పక్కన పెట్టండి. గౌరవంగా కాల్చేద్దాం అని మాత్రం అనొద్దు. అది పీవీసీ ప్లాస్టిక్, కాలిస్తే ఊపిరికి చేటు చేసే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ.

మధురవాడ_వాసి:
మరి ఆటో అద్దం మీద స్టిక్కరు?

పాతపోస్టాఫీసు:
'యెహోవా యీరే' (యెహోవా చూసుకుంటాడు) అని రాస్తే ఎండకు 'యె' ఊడిపోయి 'హోవా యీరే' అని తిరుగుతుంటాయి, అదా? హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఒక మూల నుంచి లాగితే ముక్కలవకుండా వస్తుంది. ఒక్క అక్షరం ఊడినరోజే తీసేయాలి.