కేరళ కిలాకి వెళ్తున్న మా పంచాయతీ బృందం ఇక్కడి నుంచి ఏం పట్టుకెళ్లాలి?

కౌశిక_తీరం:
అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో సముద్రానికి దగ్గరి పంచాయతీ. జనాభా 4 వేలు. రాష్ట్రీయ గ్రామ స్వరాజ్ అభియాన్ కింద సర్పంచి గారు, ఇద్దరు వార్డు సభ్యులు, కార్యదర్శి, గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు త్రిస్సూర్ దగ్గరున్న కిలాకి (కేరళ స్థానిక పాలన శిక్షణ సంస్థ) అధ్యయన యాత్రకు వెళ్తున్నారు. ఊళ్లో మాకు బాధ పెడుతున్నవి మూడు. వేసవిలో సాగు కాలవలకి నీళ్లు ఆపేశాక (కాలవలు కట్టేయడం అంటాం) తాగునీరు, ఇళ్లలో వాడి వదిలేసే నీళ్లు, కొబ్బరి డొక్కల్లో కలిసిపోతున్న ప్లాస్టిక్. అక్కడ ఏం అడిగితే ఇక్కడ పనికొస్తుంది? ఏ కాగితాలు పట్టుకెళ్లాలి?

పంచాయతీ_లెక్కలు:
తీరం గారూ, వెళ్లేముందే ఒక తేడా మనసులో పెట్టుకోమనండి. కేరళ మొత్తానికి గ్రామ పంచాయతీలు 941. ఒక్కోదాంట్లో సగటున పాతిక వేలకు పైగా జనం. అక్కడ గ్రామసభ వార్డుకొకటి, మనకి ఊరంతటికీ ఒకటి. 1996లో అక్కడ ప్రజా ప్రణాళిక (ఊరి పనుల ప్రణాళిక ఊళ్లోవాళ్లే వేసుకునే పద్ధతి) మొదలైనప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలారు. ఆ డబ్బు మన పంచాయతీ చేతికి రాదు. కాబట్టి అక్కడి కట్టడాల ఫొటోలు తెచ్చుకుంటే ఉపయోగం తక్కువ. ఒక పనిని వాళ్లు కాగితం మీద ఎలా పెడతారో అది నేర్చుకు రావాలి.

కిలా 1990లో ఏర్పడింది. ప్రజా ప్రణాళిక వచ్చాక ఎన్నికైనవాళ్లకీ ఉద్యోగులకీ తర్ఫీదు ఇవ్వడంతో పాటు స్థానిక పాలన మీద పరిశోధన కూడా అక్కడే నడుస్తోంది. అక్కడి వరస ఇది: ఒక్కో రంగానికి ఒక వర్కింగ్ గ్రూపు ముందు ఊరి పరిస్థితి రాస్తుంది, అది గ్రామసభకి వెళ్తుంది, తర్వాత అభివృద్ధి సదస్సు, ఆ తర్వాత ప్రాజెక్టు కాగితం, చివర జిల్లా ప్రణాళికా సంఘం ఆమోదం. మన దగ్గర ఈ మొదటి మెట్టే ఎగిరిపోతుంది. మన చట్టంలోనూ ఫంక్షనల్ కమిటీలు ఉన్నాయి, కానీ చాలాచోట్ల అవి రిజిస్టరులో పేర్లకే. పరిస్థితి రాయకుండా నేరుగా పనుల జాబితా రాస్తాం. అందుకే ఏటా అవే సీసీ రోడ్లు, అవే డ్రెయిన్లు.

అక్కడ స్లైడ్లు చూసి సరిపెట్టుకోవద్దు. దగ్గర్లోని పంచాయతీ ఒకదాని నుంచి పూర్తయిన ప్రాజెక్టు ఫైలు మొదటి కాగితం నుంచి ఆఖరి బిల్లు దాకా చూపించమనండి. ఆగిపోయిన పని ఫైలు ఇంకొకటి అడగండి. దానిలోనే ఎక్కువ నేర్చుకుంటారు. కట్టాక నడిపేదెవరు, కరెంటు బిల్లు ఎవరిది అన్నది ఏ పేజీలో రాశారో వేలు పెట్టి అడగాలి.

కాగితాల విషయానికొస్తే: మూడేళ్ల డీసీబీ, అంటే రావాల్సింది, వసూలైంది, బాకీ చూపే పట్టిక (ఇంటి పన్ను, నీటి తీరువా విడివిడిగా), సంత ఆశీలు, చేపల చెరువు వేలం, గట్ల మీద కొబ్బరి చెట్ల పాట. ఇది మీ సొంత డబ్బు, షరతులు తక్కువ. దాని పక్కన ఆర్థిక సంఘం గ్రాంటు వేరే కాగితం మీద రాయండి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 60 శాతం టైడ్ (ఫలానా పనికే వాడాలన్న షరతు) చేసింది, సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం అన్‌టైడ్ అయినా జీతాలకి వాడకూడదంది. ఇవి కలిపి రాస్తే అక్కడ ఎవరూ మీకు సరైన సలహా ఇవ్వలేరు.

ఒక చిన్న సంగతి. చెల్లింపులకు సర్పంచి గారి డిజిటల్ కీ, కార్యదర్శి కీ రెండూ కావాలి. ఇద్దరూ ఒకేసారి ఊరు వదులుతున్నారు కాబట్టి బ్లీచింగ్ పౌడరు, మోటారు రిపేరు బిల్లులు బయల్దేరేముందే పూర్తి చేయించండి.

డెల్టా_డ్రెయిన్:
వాడకం నీళ్ల గురించి నేను చెప్తాను. ఏ శిక్షణ కేంద్రంలోనైనా మొదట చూపించేది ఇంకుడు గుంత. మీటరు పొడవు, వెడల్పు, లోతు, కింద పెద్ద రాయి, పైన చిన్న రాయి, ఆపైన ఇసుక. మెట్టలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన నల్లరేగడిలో, అందులోనూ కాలవ పక్కన, పనిచేయదు. గుంత అడుగుకీ ఊట మట్టానికీ మధ్య కనీసం మీటరున్నర ఎండు నేల ఉండాలి. లేకపోతే ఇంకేది మురుగే, అదీ నేరుగా పక్కింటి బోరులోకి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, గుంతల కొలతలు మేలో తీస్తారు. అప్పుడు కాలవలు కట్టేసి ఉంటాయి, ఊట ఏడాది మొత్తంలో అడుగున ఉంటుంది. గొయ్యి పొడిగా కనిపిస్తుంది, ఎస్టిమేటు వేసేస్తారు. జూన్‌లో నీళ్లు వదిలి నాట్లు పడ్డాక అదే గొయ్యి కింద నుంచి నిండుతుంది. కాబట్టి ఆగస్టులో, చేలు నీళ్లతో ఉన్నప్పుడు, వార్డుకి రెండు చోట్ల చేతి ఆగరుతో (నేలకి సన్నటి గొయ్యి తొలిచే పనిముట్టు) రెండున్నర మీటర్లు దింపండి. ఒక రాత్రి వదిలేసి పొద్దున్నే టేపు దించి నీటి మట్టం కొలిచి తేదీతో రాయండి. ఆ కాగితం కిలాకి పట్టుకెళ్లి, కుట్టనాడు లాంటి పల్లపు ప్రాంతాల్లో ఈ నీళ్లు ఏం చేస్తున్నారని అడగండి. అక్కడా సముద్ర మట్టానికి దిగువన వరి పండిస్తారు, మీ బాధ వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

మీరు ఊరికి తిరిగొచ్చాక చేయగలిగింది: పెరడున్న ఇంటికి ఎత్తు మడి కట్టి అరటి, చేమ వేసి నీళ్లు అటు మళ్లించడం. ఇరుకు వీధులకి మాత్రం డ్రెయిన్ చివర, పెద్ద మురుగు కాలవలో కలిసేముందు, జమ్ము, మెట్టతామర పెంచిన చెరువు. ముందు ఒక చిన్న పూడిక గది తప్పనిసరి. దాన్ని మూణ్ణెల్లకోసారి తీయకపోతే జమ్ము వేళ్లు బురదతో బిగుసుకుపోయి నీళ్లు వెనక్కి తంతాయి.

కౌశిక_తీరం:
చాలా ఉపయోగమండి. కాలవలు కట్టేసిన రోజులకి తాగునీరు నిల్వ చేసే వేసవి చెరువు ఎంత పెద్దది కావాలో ఎలా లెక్క వేయాలి? మా ఊళ్లో ఒకరు ఎకరం చాలంటారు, ఒకరు మూడు అంటారు.

డెల్టా_డ్రెయిన్:
జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. 4 వేల మందికి 2,20,000 లీటర్లు, అంటే 220 ఘనపు మీటర్లు. కాలవ 60 రోజులు కట్టేస్తారనుకుంటే 13,200. చెరువు లోతు 3 మీటర్లనుకోండి. ఎండకి రోజుకి 6 మిల్లీమీటర్లు పోతాయనుకుంటే 60 రోజుల్లో 36 సెంటీమీటర్లు. అడుగున అర మీటరు బురద నీరు, పంపుకి పనికిరాదు. మిగిలేది 2.14 మీటర్లు. 13,200ని దానితో భాగిస్తే 6,170 చదరపు మీటర్లు, ఎకరన్నర. గట్ల వాలు, నేలలో ఇంకేది దీనికి అదనం. కాబట్టి రెండెకరాల చోటు చూసుకోండి. చోటు తక్కువుందని లోతు పెంచకండి. మీ తీరంలో అడుగున ఉప్పు ఊట తగిలితే చెరువు మొత్తం పాడవుతుంది. ముందు బోరు వేసి ఏ లోతులో ఉప్పు మొదలవుతుందో చూడాలి.

సమాఖ్య_పద్దు:
చెత్త గురించి. కేరళలో ఇంటింటికీ వచ్చి ప్లాస్టిక్ తీసుకెళ్లేది హరిత కర్మ సేన, అందులో ఉన్నది కుటుంబశ్రీ (అక్కడి మహిళా సంఘాలు) మహిళలే. గ్రామాల్లో ఇంటికి నెలకి 50 రూపాయలు మామూలు రుసుము. మీ అధ్యక్షురాలు గారిని ఒక పూట వాళ్లతో వీధుల్లో తిరగనివ్వండి. గదిలో కూర్చుంటే తెలియని ప్రశ్నలు అక్కడ తెలుస్తాయి: డబ్బు ఇవ్వని ఇల్లుంటే ఏం చేస్తారు, రసీదు ఎవరిస్తారు, కడిగి ఆరబెట్టని ప్లాస్టిక్ తీసుకుంటారా, నిల్వ షెడ్డు నుంచి లారీ ఎన్నాళ్లకి వస్తుంది. ఆఖరిది ముఖ్యం. లారీ రాకపోతే షెడ్డు నిండుతుంది, నిండితే ఎవరో నిప్పు పెడతారు.

మన ఊళ్లో లెక్క: 1,100 ఇళ్లనుకోండి, 60 శాతం ఇచ్చినా 660 ఇళ్లు, నెలకి 33,000. నలుగురికి తలా 8,250 దాటదు, బండి ఖర్చు విడిగా. కాబట్టి తడి చెత్త రోజూ, ప్లాస్టిక్ నెలకి రెండుసార్లు అని విడగొట్టి, ప్లాస్టిక్‌కి ఇద్దరినే పెట్టుకోండి. కొబ్బరి డొక్కలు మాత్రం ఈ లెక్కలో కలపవద్దు. అవి పీచు మిల్లులు కొనే సరుకు. చెత్త బండిలో వేస్తే బండి సగం వాటితోనే నిండుతుంది, తడిసి బరువెక్కి ధర కూడా పోతుంది. దింపు తీసిన చోటే కుప్ప పోయించి, మిల్లు వాళ్లనే వచ్చి ఎత్తుకోమనాలి.

పంచాయతీ_లెక్కలు:
ఒకటి మర్చిపోయాను. తిరిగొచ్చిన వారంలోనే ఐదుగురూ కూర్చుని ఒక్కో సమస్యకి ఒక పేజీ పరిస్థితి రాయండి, గ్రామసభలో చదవండి, ఆ తర్వాతే జీపీడీపీలో (గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక) పెట్టండి. ప్లాన్‌లో లేని పనికి ఈ-గ్రామస్వరాజ్‌లో (పంచాయతీ ప్లాన్లు, చెల్లింపులు నడిచే ఆన్‌లైన్ పోర్టల్) బిల్లు పెట్టలేరు. పని పేరు కూడా ఎస్టిమేటులో, తీర్మానంలో, ప్లాన్‌లో అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఎక్కడైనా సందేహం వస్తే త్రిస్సూర్ దాకా పోనక్కర్లేదు, సామర్లకోట విస్తరణ శిక్షణ కేంద్రంలో అడగవచ్చు. అక్కడికి వెళ్లేటప్పుడు ఆగస్టు నీటి మట్టాల కాగితం కూడా ఒక కాపీ తీసుకెళ్లండి.